పుచ్చుకొని, వెలిగి, తిరిగి ఇచ్చు నక్షత్రములు



మన సంఘములలోని పిల్లలు పై తరగతులకు వచ్చేసరికి వారి పుస్తకములలో ఒక అంకె కనబడుతుంది. ఈ విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు అని. సండేస్కూలులో ఆదికాండము మొదటి అధ్యాయమును కంఠస్థము చేసి బహుమానము పుచ్చుకొన్న పిల్లవాడు ఆ అంకె దగ్గర ఆగిపోతాడు. ఇంటికి వచ్చి నాన్నను అడిగితే, "అవన్నీ నమ్మకురా, పరీక్షలో రాసి మరచిపో" అంటాడు. సంఘములో అడుగుటకు జంకుతాడు. విశ్వాసము తక్కువైనదని అనుకుంటారేమోనని భయము. కొన్నాళ్ళకు అడగడము మానేస్తాడు. అడగడము మానిన బిడ్డ కొంతకాలమునకు ఆరాధనకు రావడము కూడ మానేస్తాడు. చదువు కోసము పట్నము పంపిన మన బిడ్డలలో కొందరు ఈ విధముగానే, ఎవరితోను పోట్లాడకుండ, చప్పుడు లేకుండ మనకు దూరమవుతున్నారు.

తల్లిదండ్రులను తప్పు పట్టుటకు ఈ మాట వ్రాయుట లేదు. పొలము పనిలోను కూలి పనిలోను అలసిన వారికి ఈ సంగతులు కూర్చుండబెట్టి చెప్పినవారెవరు? అందువలన ఈ నెల మనమందరము భయము విడిచి ఆకాశము వైపు చూద్దాము. నక్షత్రములు ఎట్లు పుడుతున్నవి, ఎట్లు చనిపోతున్నవి, వాటి కుటుంబములైన గెలాక్సీలు కాలక్రమమున ఎట్లు మారుతున్నవి అని తెలిసికొందాము. తెలిసికొన్న తరువాత మన విశ్వాసము తగ్గిందో, సృష్టికర్త యెడల భయభక్తులు పెరిగినవో మీరే చెప్పగలరు.

నక్షత్రముల ఊరు

అమావాస్య రాత్రి కరెంటు పోయినప్పుడు ఊరి బయట నిలబడి పైకి చూస్తే, ఆకాశమునకు అడ్డముగా పలుచని పాల చార వంటిది కనబడుతుంది. పట్నము వారికి వీధి దీపముల వెలుగులో ఇది కనబడదు. పల్లెవారికి దేవుడు ఉచితముగా ఇచ్చిన దృశ్యమిది. దీనినే పాలపుంత అంటాము. ఇది పాలూ కాదు, పొగా కాదు, కంటికి విడివిడిగా కనబడనంత దూరములో ఉన్న నక్షత్రముల గుంపు అని ఇటలీ దేశస్థుడైన గెలీలియో తన టెలిస్కోపులో చూచి 1610లో లోకమునకు తెలిపాడు.

పాలపుంతను ఒక పెద్ద ఊరు అనుకుందాము. మన సూర్యుడు ఆ ఊరిలో ఒక ఇల్లు. అటువంటి ఇండ్లు అక్కడ కనీసము 10,000 కోట్లు ఉన్నవని అంచనా. ఊరి ఈ చివర నుండి ఆ చివరకు పోవుటకు, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే వెలుగుకే సుమారు లక్ష సంవత్సరములు పడుతుంది. వెలుగు ఒక సంవత్సరములో పోయే దూరమును కాంతి సంవత్సరము అంటారు. ఊరి నడిబొడ్డు నుండి మనము సుమారు 26,000 కాంతి సంవత్సరముల దూరములో, నడిబొడ్డుకు పొలిమేరకు మధ్యన కాపురమున్నాము. సూర్యుడు మనలను వెంటబెట్టుకొని ఆ నడిబొడ్డు చుట్టు ఒకసారి తిరిగి వచ్చుటకు 22, 23 కోట్ల సంవత్సరములు పడుతుంది.

ఇటువంటి ఊళ్ళు ఇంకా ఉన్నవా? నూరు సంవత్సరముల క్రిందట పండితులకే ఈ సంగతి తేలలేదు. తేల్చుటకు తాళపుచెవి ఇచ్చినది ఒక పాస్టరుగారి కుమార్తె. ఆమె పేరు హెన్రియెటా లెవిట్. అమెరికాలోని హార్వర్డ్ పరిశీలనశాలలో స్వల్ప జీతమునకు, ఆకాశపు ఫొటోలు తీసిన గాజు పలకలను పరిశీలించే పని చేసేది. ఆమెకు చెవులు సరిగా వినిపించవు. కొన్ని నక్షత్రములు క్రమము తప్పకుండ వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉంటాయి. ఆ హెచ్చుతగ్గులకు ఎక్కువ రోజులు పట్టే నక్షత్రము అసలు వెలుగు కూడ ఎక్కువే అని ఆమె కనిపెట్టి 1912లో ప్రకటించింది. అసలు వెలుగు ఎంతో తెలిస్తే, మనకు కనబడే వెలుగును బట్టి దూరము లెక్క కట్టవచ్చు. 1923లో ఎడ్విన్ హబుల్ అనే శాస్త్రజ్ఞుడు ఆండ్రోమెడా అనే మసక మచ్చలో అటువంటి నక్షత్రమునే చూచాడు. ఆమె లెక్క ప్రకారము కొలిస్తే అది మన పాలపుంతకు చాలా ఆవల ఉన్నది. అంటే అది మచ్చ కాదు, మరొక ఊరు. నేటి కొలత ప్రకారము దాని దూరము సుమారు 25 లక్షల కాంతి సంవత్సరములు. ఈ విజయమును చూడకుండానే లెవిట్ అమ్మగారు 1921లో కన్నుమూశారు. ఆమె చేసిన నమ్మకమైన పని మాత్రము నిలిచి ఉన్నది.

చల్లని మేఘము, మండే దీపము

ఇండ్లకు ఇటుకలు కావలసినట్లు నక్షత్రములకు వాయువు కావాలి. 1925లో సిసీలియా పేన్ అనే 25 ఏండ్ల యువతి, నక్షత్రములలో అత్యధిక భాగము హైడ్రోజన్, దాని తరువాత హీలియము అని తన పరిశోధనలో చూపింది. పెద్ద పండితుడొకడు అది అసాధ్యమన్నాడు. నాలుగు సంవత్సరముల తరువాత ఆయనే ఆమె మాట నిజమని ఒప్పుకొన్నాడు. మన నీటిలో రెండు పాళ్ళు అణువులుగా ఉన్న హైడ్రోజనే ఆకాశమంతటికి ముడి సరుకు.

ఈ వాయువు నక్షత్రముల మధ్య మేఘములుగా ఉంటుంది. నక్షత్రములు పుట్టే మేఘముల లోపల చలి సున్నాకు దిగువన 260 డిగ్రీల వరకు ఉంటుంది. చల్లబడిన వాయువు తన బరువుకు తానే కుంగి ముద్దలవుతుంది. ముద్ద గట్టిపడే కొద్దీ నడిమధ్యన వేడి పెరుగుతుంది. ఆ వేడి సుమారు కోటి డిగ్రీలకు చేరినప్పుడు హైడ్రోజన్ అణువుల గింజలు ఒకదానితో ఒకటి కలిసి హీలియముగా మారుతూ వెలుగునిస్తాయి. అదే నక్షత్ర జననము.

దీనిని మనము కంటితో చూడవచ్చు. యోబు గ్రంథము 9వ అధ్యాయములోను 38వ అధ్యాయములోను నక్షత్రముల పేర్లున్నవి. మన తెలుగు బైబిలు అనువాదకులు వాటిని కృత్తిక, మృగశీర్షము అని మన రైతులెరిగిన పేర్లతోనే వ్రాశారు. కృత్తికను మన పెద్దలు పిల్లలకోడి అంటారు. చలికాలపు రాత్రులలో మృగశీర్షపు గుంపు మధ్యన మూడు నక్షత్రములు ఒకే వరుసలో నిలబడి కనబడతాయి. వాటికి కొంచెము దిగువన ఊదినట్లున్న ఒక మసక చుక్క ఉన్నది. అది సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరములో ఉన్న వాయు మేఘము. అందులో ఈనాటికీ నక్షత్రములు పుడుతూనే ఉన్నవి. అక్కడి పసి నక్షత్రములలో పది లక్షల సంవత్సరములైన నిండనివి ఉన్నవి. పిల్లలకోడిలోని నక్షత్రములు వాటికంటె పెద్దవి, వాటి వయస్సు పది కోట్ల సంవత్సరములకు పైమాటే. మన సూర్యుడు నడివయస్సు వాడు, 460 కోట్ల సంవత్సరముల వాడు. దేవుడు యోబును చూడమన్న ఆకాశములోనే పురిటి గది, పసిపిల్లలు అన్నీ ఉన్నవి.

ఆరుద్ర ఎరుపు

దీపములో వత్తి ఎంత లావుగా ఉంటే నూనె అంత త్వరగా అయిపోతుంది. నక్షత్రములూ అంతే. మన సూర్యుడు ప్రతి సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను మండిస్తున్నాడు. అయినను అతడు పొదుపరి. ఇంకా సుమారు 500 కోట్ల సంవత్సరములు వెలుగుతాడు. సూర్యునికి పది, ఇరవై రెట్లు బరువున్న నక్షత్రములు మాత్రము కోటి, రెండు కోట్ల సంవత్సరములలోనే తమ ఇంధనమును ఖర్చు చేసికొంటాయి.

ఆరుద్ర కార్తె మన రైతులందరికీ తెలుసు. జూన్ నెలాఖరున తొలకరి తడికి ఎర్రటి ఆరుద్ర పురుగులు బయటికి వస్తే పిల్లలు అరచేతిలో పెట్టుకొని ఆడుకుంటారు. ఆ కార్తెకు పేరునిచ్చిన ఆరుద్ర నక్షత్రము కూడ ఎరుపే. ఇంగ్లీషువారు దానిని బెటెల్‌జూస్ అంటారు. మృగశీర్షపు మూడు నక్షత్రములకు పైభాగమున అది ఎర్రగా కనబడుతుంది. అది ముసలిదై ఉబ్బిన నక్షత్రము. సూర్యుని స్థానములో దానిని ఉంచితే మన భూమిని, కుజగ్రహమును కూడ మింగివేస్తుంది. 2019 చివర నుండి 2020 ఫిబ్రవరి వరకు అది బాగా మసకబారినది. అది తన పై పొర నుండి వాయువును బయటికి కక్కిందనీ, అది చల్లారి ధూళిగా మారి నక్షత్రమునకు అడ్డుపడిందనీ శాస్త్రజ్ఞులు తెలిసికొన్నారు. రాబోయే లక్ష సంవత్సరములలోపు ఎప్పుడో ఒకనాడు అది పేలిపోతుంది. అటువంటి పేలుడును సూపర్‌నోవా అంటారు. 1054లో ఇటువంటి పేలుడు ఒకటి కనబడినప్పుడు చైనా దేశస్థులు దానిని పట్టపగలే 23 రోజులు చూచి వ్రాసి పెట్టుకొన్నారు. అక్కడ చెదరిన వాయువు ఈనాటికీ వ్యాపిస్తూనే ఉన్నది.

సూర్యుని వంటి చిన్న నక్షత్రములు పేలవు. చివరి దశలో తమ పై పొరలను మెల్లగా వదలివేసి, నడిమి భాగము మాత్రము తెల్లని నిప్పుకణికవలె మిగులుతుంది. అటువంటి కణిక సూర్యుని బరువుకు సుమారు 1.4 రెట్లకు మించి నిలువలేదని లెక్క కట్టినది మన దక్షిణ భారతదేశపు యువకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. 1930లో 19 ఏండ్ల వయస్సులో ఓడలో ఇంగ్లండుకు పోతూ ఆ లెక్కలు వేశారు. 1983లో నోబెల్ బహుమతి పొందారు.

మన ఒంటిలోని మన్ను

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. ఆదిలో విశ్వములో హైడ్రోజన్, హీలియము తప్ప మరేమియు లేదనవచ్చును. ఇనుము లేదు, సున్నము లేదు, మనము పీల్చే ఆక్సిజన్ లేదు. మరి ఇవన్నీ ఎక్కడివి? నక్షత్రముల పొయ్యిలో వండబడినవి. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, ఆమె భర్త జెఫ్రీ, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హోయిల్ అనే నలుగురు ఈ వంట ఎట్లు జరుగుతుందో వివరముగా వ్రాశారు. నక్షత్రము లోపల హీలియము నుండి కార్బన్, కార్బన్ నుండి ఆక్సిజన్, అట్లు అట్లు ఇనుము వరకు తయారవుతాయి. నక్షత్రము చనిపోయినప్పుడు ఇవన్నీ బయటికి చిమ్మబడి మేఘములలో కలుస్తాయి. ఆ మేఘముల నుండి తరువాతి తరము నక్షత్రములు పుడతాయి. వరి కోసిన తరువాత మోళ్ళను దున్ని మట్టిలో కలిపితే అవే రాబోయే పంటకు ఎరువైనట్లు.

అందువలన మన నెత్తురులోని ఇనుము, ఎముకలలోని కాల్షియము, బిడ్డకు పట్టే పాలలోని కార్బన్ ఇవన్నీ సూర్యుని కంటె ముందు పుట్టి చనిపోయిన నక్షత్రములు విడిచి పోయిన ఆస్తియే. పెండ్లి ఉంగరములోని బంగారము సంగతి మరి విచిత్రము. చనిపోయిన రెండు నక్షత్రముల గట్టి శేషములు ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు బంగారము వంటి బరువైన లోహములు పుడతాయని 2017 ఆగస్టులో అటువంటి సంఘటనను గమనించినప్పుడు రుజువైనది. మనము త్రాగే నీటిలోని హైడ్రోజన్ మాత్రము ఏ నక్షత్రములోను వండబడలేదు. అది ఆదినుండి ఉన్నదే.

దేవుడు నరుని నేలమంటితో నిర్మించాడని ఆదికాండము 2వ అధ్యాయములో చదువుతాము. ఆ మన్ను సిద్ధమగుటకు ఎన్ని నక్షత్రములు వెలిగి ఆరిపోయినవో ఆలోచించండి. కుండ చేయుటకు ముందు కుమ్మరి మట్టిని ఎంతకాలము మాగబెడతాడో మనకు తెలుసు. మన యొద్ద మాగిన మన్ను కోట్లకొలది సంవత్సరములది. ఇంత ఓపికతో చేయబడిన శరీరమును త్రాగుడుతో పాడుచేసికొనుట, కులము పేరున ఒకరి శరీరమును తక్కువగా చూచుట ఎంత తెలివిలేనితనము! అందరి నెత్తురులోని ఇనుము ఒకే ఆకాశపు పొయ్యిలోనిది.

చెరువు లెక్క

ఒక నక్షత్రము సంగతి తెలిసినది. ఇక ఊరంతటి సంగతి. గెలాక్సీ ఎట్లు బ్రతుకుతుంది?

మన ఊరి చెరువును తలంచుకొనండి. వాగు నుండి నీరు వస్తుంది. తూము ద్వారా పొలములకు పోతుంది. ఎక్కువైతే అలుగు పారుతుంది. గెలాక్సీలో నీటికి బదులు హైడ్రోజన్ వాయువు. బయటి నుండి వచ్చే వాయువు వాగు. దానితో నక్షత్రములు పండుట సేద్యము. సూపర్‌నోవా పేలుళ్ళు వాయువును గెలాక్సీ వెలుపలికి ఎగదన్నుట అలుగు. ఎగిరిన వాయువులో కొంత చల్లారి వాన వలె తిరిగి క్రిందికి పడుతుంది.

మన పాలపుంతలో సంవత్సరమునకు ఒక సూర్యుడో, ఇద్దరు సూర్యులో తయారగునంత వాయువు నక్షత్రములుగా మారుతున్నది. ఉన్న వాయువు మాత్రమే ఖర్చయితే కొన్ని వందల కోట్ల సంవత్సరములలోనే చెరువు అడుగంటుతుంది. బయటి నుండి ఇంకా రాక ఉన్నది. స్మిత్ మేఘమనే ఒక పెద్ద హైడ్రోజన్ మేఘము పాలపుంత వైపు దూసికొని వస్తున్నది. సుమారు మూడు కోట్ల సంవత్సరములలో వచ్చి చేరుతుంది. మనము చూడని వానకు దేవుడు ఇప్పటికే మబ్బు పంపాడు.

విశ్వమంతటిని చూస్తే నక్షత్రముల పంట సుమారు 1,000 కోట్ల సంవత్సరముల క్రిందట మిక్కిలిగా పండినది. తరువాత తగ్గుతూ వచ్చి ఈనాడు అందులో సుమారు పదోవంతు మాత్రమే ఉన్నది. ఎందుకు తగ్గినది? దీనికి జవాబు వెదకిన వారిలో మన దేశస్థులున్నారు. మహారాష్ట్రలో పూణే దగ్గర నారాయణగావ్ ప్రాంతమున, పొలముల మధ్య, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు గల 30 పెద్ద పళ్ళెముల వంటి రేడియో టెలిస్కోపులు ఉన్నవి. హైడ్రోజన్ వాయువు పంపే సన్నని రేడియో అలలను అవి పట్టుకొంటాయి. 2020లో మన శాస్త్రజ్ఞులు వాటి సహాయముతో 7,653 గెలాక్సీల సంకేతములను కలిపి, 800 కోట్ల సంవత్సరముల క్రిందట వాటిలో ఎంత వాయువు ఉండేదో కొలిచారు. వాయువు సమృద్ధిగానే ఉన్నది. కాని అవి నక్షత్రములను తయారుచేసే వేగమునకు అది 100 నుండి 200 కోట్ల సంవత్సరములకు మాత్రమే సరిపోతుంది. ఖర్చు ఎక్కువ, రాక తక్కువ. అందుకే పంట తగ్గినది. సంసారము చేసే ప్రతి ఇల్లాలికీ ఈ లెక్క అర్థమవుతుంది.

ఎండిన చెరువులు

కొన్ని గెలాక్సీలలో నక్షత్రముల పుట్టుక ఇంచుమించు ఆగిపోయినది. పడుచు నక్షత్రములు నీలముగా, బహు ప్రకాశముగా ఉండి త్వరగా చనిపోతాయి. ఎర్రని చిన్న నక్షత్రములు చాలాకాలము బ్రతుకుతాయి. అందువలన కొత్త పుట్టుక ఆగిన గెలాక్సీ ఎర్రబారి కనబడుతుంది. పిల్లలందరు వలస పోయి ముసలివారు మాత్రమే మిగిలిన ఊరు వంటిది అది.

ఇట్లగుటకు కారణములు ఒకటి కంటె ఎక్కువ. గెలాక్సీలు గుంపుగా ఉన్నచోట, వాటి మధ్య అతి వేడి పలుచని వాయువు నిండి ఉంటుంది. అందులోనుండి ఒక గెలాక్సీ వేగముగా పోతుంటే, తూర్పారబట్టినప్పుడు గాలికి పొట్టు ఎగిరిపోయినట్లు దాని వాయువు వెనుకకు కొట్టుకొని పోతుంది. తోకలు వ్రేలాడే ఇటువంటి గెలాక్సీలను మన శ్రీహరికోట నుండి 2015 సెప్టెంబరు 28న పంపిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహము ఫొటోలు తీసినది. కొట్టుకొని పోయిన ఆ వాయువు తోకలో కూడ కొత్త నక్షత్రములు పుడుతున్నట్లు వాటిలో కనబడినది. ఊరు విడిచి పోవలసి వచ్చినవారి మధ్య కూడ దేవుడు దీపము వెలిగించగలడు.

మరొక కారణము ఇంకా ఆలోచింపదగినది. ఎమ్ 87 అనే మహా గెలాక్సీ మన నుండి సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరముల దూరములో ఉన్నది. దాని నడిబొడ్డున సూర్యునికి 650 కోట్ల రెట్ల బరువు గల కృష్ణబిలము ఉన్నది. వెలుగును కూడ బయటికి పోనివ్వని ఆ బిలము నీడను 2019 ఏప్రిల్‌లో లోకమంతా ఫొటోలో చూచింది. ఆ గెలాక్సీ చుట్టు వాయువునకు కొదువ లేదు. కాని కృష్ణబిలము దగ్గర నుండి చిమ్మే మహా ధార ఆ వాయువును చల్లారనివ్వక మరల మరల వేడెక్కిస్తున్నది. చల్లారని వాయువు ముద్ద కట్టదు. ముద్ద కట్టనిది వెలగదు. చంద్రశేఖర్ గారి పేరున 1999లో పంపబడిన చంద్ర టెలిస్కోపు ఈ వేడి వాయువును స్పష్టముగా చూపినది.

కొన్ని సంఘములు ఎమ్ 87 వలె ఉన్నవని చెప్పుటకు సంకోచము లేదు. మందిరమున్నది, జనమున్నారు, కానుకలున్నవి. నడిమధ్యన కమిటీ తగాదా ఆరడము లేదు. ఆ వేడిలో ఒక్క కొత్త ఆత్మ కూడ వెలగడము లేదు.

మొదటి గెలాక్సీలు

2021 డిసెంబరు 25న, మనము క్రిస్మస్ ఆరాధనలలో ఉన్న దినమున, జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆకాశమునకు ఎక్కినది. దూరము నుండి వచ్చే వెలుగు ఉత్తరము వంటిది. అది మనకు చేరేసరికి వ్రాసి ఎంతో కాలమై ఉంటుంది. సూర్యుని వెలుగు 8 నిమిషముల పాతది. వెబ్ పట్టుకొన్న ఉత్తరములలో కొన్ని విశ్వము పుట్టిన తరువాత 30 కోట్ల సంవత్సరములైనా నిండకముందు బయలుదేరినవి. ఆనాటి గెలాక్సీలు చిన్నవి. అయినను అనుకొన్నదాని కంటె ప్రకాశముగా ఉన్నవి. అంత తొలి కాలపు ఒక గెలాక్సీలో ఆక్సిజన్ ఉన్నట్లు 2025లో వేరొక టెలిస్కోపు ద్వారా తెలిసినది. అంటే అప్పటికే అక్కడ కొన్ని నక్షత్రములు పుట్టి, వెలిగి, చనిపోయి, తమకున్నది పంచి పెట్టినవి. ఇచ్చి పోవుట విశ్వములో మొదటి తరము నుండి ఉన్న అలవాటు.

చిన్న గెలాక్సీలు కలిసి పెద్దవగుట కూడ జరుగుతూ వచ్చినది. మన పాలపుంత ఎన్నో చిన్న గెలాక్సీలను కలుపుకొని ఇంతైనది. ఆండ్రోమెడా మన వైపు వస్తున్నది. రాబోయే 1,000 కోట్ల సంవత్సరములలో రెండును కలిసిపోవు అవకాశము సగానికి సగమని 2025లో వెలువడిన లెక్క చెబుతున్నది.

మన బిడ్డలకు ఏమి చెప్పాలి?

ఆదికాండములోని ఆరు దినములను ఇరువది నాలుగు గంటల దినములుగా నమ్మే విశ్వాసులు మనలో ఉన్నారు. వాటిని దేవుని దినములుగా, దీర్ఘ కాలములుగా గ్రహించే విశ్వాసులూ ఉన్నారు. ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. టెలిస్కోపు పుట్టుటకు వెయ్యి సంవత్సరముల ముందే, 430లో మరణించిన అగస్టీను భక్తుడు ఆ దినములు మనమెరిగిన దినముల వంటివి కాకపోవచ్చునని తలంచాడు. ఆకాశమును గూర్చి తెలియని సంగతులను బైబిలు పేరున మాట్లాడి అన్యుల యెదుట నవ్వులపాలు కావద్దని విశ్వాసులను హెచ్చరించాడు కూడ. ఈ రెండు తలంపుల వారు ఒకే బల్ల యొద్ద ప్రభువు రొట్టెను తీసికొనవచ్చును. పిల్లవాని ముందు మాత్రము "బైబిలా, చదువా, ఏదో ఒకటి ఎన్నుకో" అని కత్తి పెట్టవద్దు. ప్రభువు పెట్టని షరతును మనము పెట్టవద్దు.

దీనికి మరొక ప్రక్క కూడ ఉన్నది. విశ్వము వ్యాపిస్తున్నదని 1927లో లెక్క కట్టి, దానికి ఒక ఆరంభమున్నదని 1931లో చెప్పిన జార్జ్ లెమైటర్ బెల్జియము దేశపు కాథలిక్ గురువు. అయినను తన లెక్కను బైబిలుకు రుజువుగా వాడుట ఆయనకు ఇష్టము లేదు. శాస్త్రము నేడు చెప్పినదానిని రేపు సరిదిద్దుకొంటుంది. అది దాని మంచి గుణము. ఆండ్రోమెడా తప్పక ఢీకొంటుందని 2012లో అన్నారు, 2025లో సగము అవకాశమన్నారు. మన విశ్వాసమును ఆ అంకెల మీద కట్టుకొనవద్దు, ఆ అంకెలకు భయపడనూ వద్దు. వాయువు ఎట్లు నక్షత్రమైనదో శాస్త్రము చెబుతుంది. ఎవరి చిత్తము వలన, ఎందుకొరకు అన్నది విశ్వాసము చెబుతుంది.

ఇంకొక మాట. మన విశ్వాస గృహములలో కొన్నింటిలో ఈనాటికీ బిడ్డ పుట్టిన నక్షత్రము మంచిది కాదేమోనని లోలోపల బెంగ ఉన్నది. పెండ్లి సంబంధము దగ్గర పరాయివారి చాటున నక్షత్రము చూపించే వారున్నారు. ప్రియులారా, నక్షత్రము అంటే ఏమిటో ఇప్పుడు తెలిసినది గదా. వాయువు నుండి పుట్టి, ఇంధనము అయిపోగానే ఆరిపోయేది. కృత్తికకు పుట్టినరోజు ఉన్నది, ఆరుద్రకు చావు రాసిపెట్టి ఉన్నది. తన బ్రతుకే తన చేతిలో లేనిది మన ఆడపిల్ల బ్రతుకును ఎట్లు పాలిస్తుంది? నక్షత్రము పేరున ఏ బిడ్డ సంబంధము చెడగొట్టవద్దు. నక్షత్రము వెలుగునిచ్చే దాసురాలు, మన యజమానురాలు కాదు.

8వ కీర్తనలో దావీదు ఆకాశమును చూచి, ఇంత సృష్టిలో మనుష్యుడు ఏపాటివాడని ఆశ్చర్యపడ్డాడు. ఆయనకు కంటికి కనబడినవి కొన్ని వేల నక్షత్రములు మాత్రమే. మనకు ఈనాడు తెలిసినవి కోట్ల గెలాక్సీలు. ఆశ్చర్యము తగ్గవలసిన పని లేదు, పెరగవలసి ఉన్నది.

డిసెంబరు నుండి మార్చి వరకు, కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక రాత్రి వీధి దీపములకు దూరముగా పిల్లలను తీసికొని వెళ్ళండి. పిల్లలకోడిని, వరుసలోని మూడు నక్షత్రములను, ఎర్రని ఆరుద్రను, మూడింటి దిగువనున్న మసక మేఘమును చూపండి. నాన్నమ్మకు తెలిసిన పేర్లు నాన్నమ్మను చెప్పనివ్వండి, కాలేజీలో చదివినది పిల్లలను చెప్పనివ్వండి. జవాబు తెలియని ప్రశ్న అడిగితే, "నాకు తెలియదమ్మా, నీవు చదివి మాకు చెప్పు" అనండి. అడిగే బిడ్డ మన ఇంటిలోనే, మన సంఘములోనే నిలిచి ఉంటుంది. ఆకాశములను చేసిన దేవుడు మన గృహములన్నిటిని తన వెలుగుతో నింపునుగాక. ఆమేన్.